ఫోను నోట సంఖ్యలు: తెలుగుకు ఏ పద్ధతి, స్పానిష్‌కు ఏ పద్ధతి

2024–25 సీజన్‌లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతును అడిగితే తడుముకోకుండా "ఏడు వేల ఐదు వందల ఇరవై ఒక్క రూపాయలు" అంటాడు. విడివిడి మాటలు రికార్డు చేసి పెట్టుకున్న ఫోను సిస్టమ్‌ను అదే ధర చెప్పమంటే "ఏడు వెయ్యి ఐదు వంద ఇరవై ఒకటి రూపాయలు" అని వినిపించే అవకాశమే ఎక్కువ. గొంతు చక్కగా ఉంటుంది, ప్రతి మాటా స్పష్టంగా ఉంటుంది, వరస మాత్రం తెలుగు కాదు.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఫోను సిస్టమ్‌ల పని చేసేవాళ్లను రెండు రకాల పనులు వెతుక్కుంటూ వస్తుంటాయి. మార్కెట్ ధర, ఆసుపత్రి టోకెన్, చిట్టీ వాయిదా తెలుగులో చెప్పించాలనేది మొదటిది. బయటి దేశపు క్లయింటు కోసం బ్యాలెన్సో బిల్లో స్పానిష్‌లో చెప్పించాలనేది రెండోది. పైకి సంబంధం లేనట్టు కనిపించే ఈ రెండింటిలో చిక్కు ఒక్కటే. తెలుగులోనూ స్పానిష్‌లోనూ సంఖ్య ఒంటరిగా నిలబడితే ఒక రూపం, దాని తర్వాత మాట తగిలితే మరో రూపం. ఇంగ్లీషుకు ఈ బాధ దాదాపు లేదు. అందుకే ఇంగ్లీషు కోసం రాసిన సూత్రాన్ని తెచ్చి పెడితే రెండు చోట్లా బోల్తా పడుతుంది.

ఏ గొంతు బాగుంది, ఏ కంపెనీ చవక అన్న ప్రశ్నలు కాసేపు ఆగవచ్చు. ముందు మీ ఫోను చెప్పాల్సిన సంఖ్యలను ఒక కాగితం మీద రాయండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? ఒక్కోదాని తర్వాత ఏ మాట వస్తుంది: రూపాయలా, క్వింటాళ్లా, మనుషులా, గంటలా? పైసలున్నాయా? ఈ కాగితం లేకుండా గొంతు నమూనాలు వినడం మొదలుపెట్టినవాళ్లు తియ్యటి గొంతును ఎంచుకుని, నెల తిరక్కముందే "ఐదు వేలు రూపాయలు" అనే ఫోనుతో మిగులుతారు.

సూత్రం ఎక్కడ జారుతుంది

చిన్న ఆఫీసుల ఫోను సిస్టమ్‌ల అడుగున తరచుగా కనిపించేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో సేనంబర్ అనే ఆదేశం ఉంది. సంఖ్య ఇస్తే దాన్ని ముక్కలు చేసి, ముక్కకొక ఆడియో ఫైలు చొప్పున వరసగా వినిపిస్తుంది. ముక్కలు చేసే తీరు భాషను బట్టి మారుతుంది. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ లాంటి భాషలకు ఆ సూత్రాలు లోపలే రాసి ఉన్నాయి. ఉర్దూకూ ఉన్నాయి. తెలుగుకు లేవు. లేని భాషను అడిగితే ఆగి, ఫలానాది లేదని చెబితే బాగుండేది. అది చప్పుడు చేయకుండా ఇంగ్లీషు సూత్రంలోకి జారుకుంటుంది.

ఇంగ్లీషు సూత్రానికి లక్ష తెలియదు, కోటి తెలియదు. దాని దృష్టిలో 1,25,000 అంటే నూట ఇరవై ఐదు వేలు. తెలుగు ఫైళ్లతో ఆ వరస వినిపిస్తే "ఒకటి వంద ఇరవై ఐదు వెయ్యి" అవుతుంది. చిట్టీ పాట పాడినవాడికి ఈ మాట వినిపించి చూడండి, తనకు రావలసింది ఎంతో తేల్చుకోవడానికి నేరుగా ఆఫీసుకే వస్తాడు. ఫోను పెట్టింది ఆ రాకపోకలు తగ్గించడానికే కదా.

తెలుగు సూత్రం నిజానికి పెద్దది కాదు. కోటి, లక్ష, వెయ్యి, వంద అన్న నాలుగు మెట్ల దగ్గర రెండేసి ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ మెట్టు మీద ఉన్నది ఒకటా, ఎక్కువా? దీని తర్వాత ఏమీ లేదా, ఇంకో సంఖ్య ఉందా, వస్తువు పేరు ఉందా? వంద ఒంటరిగా ఉంటే "వంద". వెంట చిన్న సంఖ్య వస్తే "నూట": నూట పది. వెంట వస్తువు వస్తే మళ్లీ "వంద": వంద రూపాయలు. రెండు నుంచి పైకి పోతే చివర్లో "వందలు", వెంట సంఖ్య వచ్చినా వస్తువు వచ్చినా "వందల". వెయ్యి కాస్త మంచిది, ఒకటిగా ఉన్నంతసేపూ వెయ్యే. ఎక్కువైతే వేలు, వేల. లక్షకు "లక్షా ఇరవై ఐదు వేలు"లో దీర్ఘం వస్తుంది, "లక్ష రూపాయలు"లో రాదు. కోటిదీ అదే దారి.

ప్రోగ్రామర్లు ఎక్కువగా జారేది వస్తువు పేరు దగ్గర. తర్వాత చిన్న సంఖ్య ఉందా అని చూస్తారు, రూపాయలు ఉందా అని చూడరు. కాబట్టి 5,210 లాంటి సంఖ్యలకు అంతా సవ్యంగా నడిచి, గుండుగా 5,000 రాగానే "ఐదు వేలు రూపాయలు" బయటపడుతుంది. పరీక్ష చేసేవాళ్లు 4,387 లాంటి చిందరవందర సంఖ్యలతోనే చూస్తారు కాబట్టి ఇది చాలాకాలం దాక్కుంటుంది. చివర ఒకటి ఉన్న సంఖ్యలదీ ఇదే దాగుడుమూత. ఒంటరిగా ఇరవై ఒకటి, రూపాయల ముందు ఇరవై ఒక్క. ఒకటే ఉంటే ఒక రూపాయి, "ఒకటి రూపాయి" కాదు. పెళ్లి చదివింపుల్లో నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు వింటూ పెరిగిన చెవికి ఇలాంటి తప్పు చిన్నదిగా అనిపించదు.

మనుషుల సంగతి వేరే. "మీ ముందు మూడు మంది ఉన్నారు" అని చెప్పే ఆసుపత్రి ఫోన్లున్నాయి. ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటూ ఏడుగురు వరకూ విడి మాటలు రికార్డు చేయాలి. ఎనిమిది నుంచి "మంది" చేర్చితే సరిపోతుంది. గంటల్లో ఒక్కదానికి మినహాయింపు ఉంది: ఒంటి గంట. తూకంలో 12.35 క్వింటాళ్లను "పన్నెండు పాయింట్ మూడు ఐదు" అనిపించకండి. క్వింటాలుకు 100 కిలోలు కాబట్టి అది పన్నెండు క్వింటాళ్ల ముప్పై ఐదు కిలోలు, కాంటా దగ్గర మనుషులు చెప్పేదీ అదే.

అటు స్పానిష్

స్పానిష్‌లో లక్షల గొడవ లేదు. మన వంద, నూట జంటకు మాత్రం అక్కడ అచ్చమైన జోడు ఉంది. వంద ఒంటరిగానూ వస్తువు ముందూ సియెన్, వెంట చిన్న సంఖ్య వస్తే సియెంతో. సియెన్ పెసోస్ అంటే వంద పెసోలు, సియెంతో దియెస్ అంటే నూట పది. వెయ్యిని మనలాగే ఒంటరిగా మిల్ అంటారు, ముందు "ఒక" చేర్చరు. తెలుగు సూత్రం రాసినవాడికి ఇక్కడి వరకూ కొత్తేమీ ఉండదు.

కొత్తది లింగం. పత్తి ధరలోని చివరి మూడంకెలు 521నే తీసుకోండి. ఊరికే సంఖ్యగా చెబితే కినియెంతోస్ బేయింతియూనో. పెసోల ముందు కినియెంతోస్ బేయింతియూన్. తూకపు పౌన్లు, అంటే లీబ్రాస్ ముందు కినియెంతాస్ బేయింతియూనా. పెసో పుంలింగం, లీబ్రా స్త్రీలింగం కావడమే ఇంత తేడాకు కారణం. ఒకటి మాత్రమే మారి ఊరుకోదు, 200 నుంచి 900 వరకూ వందలన్నీ మారతాయి. మధ్యలో వెయ్యి అడ్డం వచ్చినా మారతాయి: 2,00,000 లీబ్రాస్ అంటే దోస్సియెంతాస్ మిల్ లీబ్రాస్.

అవకతవక రూపాలు మూడు గుర్తుంచుకోవాలి. ఐదు సింకో, ఐదు వందలు కినియెంతోస్. ఏడు సియెతె, ఏడు వందలు సెతెసియెంతోస్. తొమ్మిది న్వేబె, తొమ్మిది వందలు నొబెసియెంతోస్. అంకె ఫైలు పక్కన వంద ఫైలు పెట్టి వందలన్నీ చేసేద్దామనుకుంటే ఈ మూడూ పట్టిస్తాయి. 16 నుంచి 29 వరకూ ఏక పదాలు. 31 నుంచి పదులకూ ఒకట్లకూ మధ్య "ఈ" అనే చిన్న మాట వస్తుంది: త్రేయింతా ఈ ఊనో. వందల తర్వాత అది రాదు. ఇంగ్లీషులో వందల తర్వాత అండ్ అనే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని సరిగ్గా రాకూడని చోట పెడతారు. మిలియన్ తర్వాత నేరుగా వస్తువు వస్తే మధ్యలో "దె" ఉండాలి: ఊన్ మియోన్ దె పెసోస్. అమెరికా వాళ్ల బిలియన్‌ను స్పానిష్‌లో మిల్ మియోనెస్ అంటారు. బియోన్ అనేస్తే వెయ్యి రెట్లు పెరిగిపోతుంది. ఫోను బిల్లులో ఆ స్థాయి రాదు గానీ కంపెనీ లెక్కలు చదివించేవాళ్లకు వస్తుంది.

తెలుగులో లేని మరో ప్రశ్న: ఏ దేశపు స్పానిష్? స్పెయిన్‌లో ఎక్కువ మంది సింకో, దియెస్ లాంటి మాటల్లోని ఆ ధ్వనిని నాలుక పళ్ల మధ్య పెట్టి "థ"కు దగ్గరగా పలుకుతారు. లాటిన్ అమెరికాలో అది "స". దానివల్ల రెండుకూ పన్నెండుకూ, అంటే దోస్‌కూ దోసెకూ ఉన్న తేడా లాటిన్ అమెరికా గొంతులో చివరి అచ్చు మీదే నిలుస్తుంది. మామూలు ఫోను లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్‌ల మధ్య ధ్వనినే మోస్తుంది, "స"లోని పదునంతా ఆ పైన ఉంటుంది. అరవై, డెబ్బైల సెసెంతా, సెతెంతా జంట కూడా ఇలాగే కొరుకుడు పడదు. క్లయింటు కస్టమర్లు మెక్సికోలో ఉంటే స్పెయిన్ గొంతు కొనకండి. అర్థమవుతుంది, కానీ పరాయిగా వినిపిస్తుంది.

పద్ధతులు, వాటి తత్వాలు

అన్నిటికన్నా సులభమైనదీ ఎవరూ సరిగా పట్టించుకోనిదీ మొత్తం వాక్యాలనే రికార్డు చేయించడం. హనుమకొండలో ఒక క్లినిక్ రోజుకు 150 టోకెన్లకు మించి ఇవ్వదనుకోండి. "టోకెన్ నంబరు నలభై మూడు, లోపలికి రండి" అన్నట్టు 150 వాక్యాలు చదివిస్తే పని అయిపోతుంది. సూత్రం లేదు, అతుకు లేదు, తప్పు పోయే దారే లేదు. మంచి గొంతు ఉన్నవాళ్లు ఒక పూటలో చదివేస్తారు. సంఖ్యలు మూడు, నాలుగు వందలు దాటకపోతే నేను వేరే పద్ధతి చూడను. ఫైళ్ల సంఖ్య చూసి జంకేది ఇంజనీర్లే, కంప్యూటర్‌కు ఆ బరువు లెక్కలోకి రాదు.

రెండోది ముక్కలు అతికించడం. ధరలు, బాకీలు లాంటి హద్దులేని సంఖ్యలకు ఇది తప్పదు. తెలుగులో దీనికి కావలసిన మాటలు ఆశ్చర్యపడేంత తక్కువ. సున్నా నుంచి ఇరవై వరకూ 21, ముప్పై నుంచి తొంభై వరకూ పదులు ఏడు, వంద, వెయ్యి, లక్ష, కోటిల రూపాలన్నీ కలిపి పదిహేను, ఒక, ఒక్క అనే రెండు. మొత్తం 45. స్పానిష్‌కు ఏక పదాలు, స్త్రీలింగ వందలు కలుపుకుని అరవై పైచిలుకు అవుతాయి. ఉర్దూ, హిందీల్లో నూటికి లోపలి సంఖ్యలు ఒక్కోటీ ఒక్కో రూపం కాబట్టి ఆ వందా విడిగా చదివించాల్సిందే. ఉర్దూ తెలంగాణలో రెండో అధికార భాష, నిజామాబాద్, కరీంనగర్ పట్టణాల్లో దాని అవసరం పడుతుంది. సూత్రం ఆస్టరిస్క్‌లోనే ఉంది గనుక మీకు మిగిలేది రికార్డింగే.

అతికింపు బాగుంటుందా లేదా అన్నది సూత్రంతో పాటు రికార్డింగ్ మీదా ఆధారపడుతుంది. చదివేవాళ్ల ముందు "ఒకటి, రెండు, మూడు" అని జాబితా పెడితే ప్రతి మాటా చివర్లో కిందికి దిగుతుంది, వాక్యం ముగిసినట్టు. అలాంటి ముక్కలు ఆరు అతికిస్తే ఆరు సార్లు వాక్యం ముగుస్తుంది. జాబితా బదులు వాక్యాలు చదివించండి. "ధర ఇరవై వేల రూపాయలు", "ధర ఇరవై" అని రెండూ చదివించి, మొదటి దాన్నుంచి మధ్యలో వాడే ఇరవైని, రెండో దాన్నుంచి చివర వాడే ఇరవైని కత్తిరించాలి. అంటే 45 మాటల్లో చాలావాటికి రెండేసి ఫైళ్లు. శ్రమ కొంచెం పెరుగుతుంది, వినేవాడికి అతుకు కనబడటం మానేస్తుంది. ముక్కల ముందూ వెనకా నిశ్శబ్దాన్ని దగ్గరగా కత్తిరించండి. అసలు రికార్డింగును 48 కిలోహెర్ట్‌జ్‌లో దాచి, ఫోను కోసం 8 కిలోహెర్ట్‌జ్, 16 బిట్, మోనోకు మార్చిన ప్రతిని వాడండి. ధ్వనిని ఫోను లైను కోసం కుదించే పద్ధతి మన దేశంలో ఎ-లా, అమెరికాలో మ్యూ-లా. అసలు ప్రతి చేతిలో ఉంటే ఏ రూపమైనా తీసుకోవచ్చు, 8 కిలోహెర్ట్‌జ్‌కు దిగినదాన్ని మళ్లీ పైకి తేవడం ఎవరి వల్లా కాదు.

గొంతు ఎవరిది? రేడియోలోనో వేదికల మీదో మైకుకు అలవాటు పడ్డవాళ్లయితే మంచిది. అంతకన్నా ముఖ్యం, రెండేళ్ల తర్వాత "పైసలు" అనే ఒక్క మాట కావలసివస్తే మళ్లీ దొరికేవాళ్లై ఉండాలి. ఆఫీసులో పనిచేసే అమ్మాయి గొంతు బాగుందని చదివించి, ఆమె పెళ్లయి వేరే ఊరు వెళ్లాక కొత్త పంట పేరు ఎవరు చదవాలో తెలియక కూర్చున్న ఆఫీసులున్నాయి. ఎలాగూ ఒకసారి మైకు ముందు కూర్చోబెడుతున్నారు కదా, ఇప్పుడు అక్కర్లేకపోయినా పైసలు, కిలోలు, క్వింటాళ్లు, నెలల పేర్లు, వారాల పేర్లు అప్పుడే చదివించేయండి.

ఇక సూత్రం ఎక్కడ రాయాలి? ఆస్టరిస్క్‌లో సే డాట్ కాన్ఫ్ అనే ఫైలు ఉంది. అందులో కొత్త పద్ధతి ఎంచుకుంటే భాషకు కావలసిన నమూనాలు మనమే రాసుకోవచ్చు, మూడంకెల సంఖ్య వస్తే ఏ ఫైళ్లు ఏ వరసలో అన్నట్టు. చిన్న పనికి ఇది చాలు. అయితే ఆ నమూనాకు సంఖ్య తప్ప దాని తర్వాత ఏ మాట రాబోతోందో తెలియదు. మన చిక్కంతా ఆ తర్వాతి మాటలోనే ఉంది. అందుకని నేను పైథాన్‌లోనో పీహెచ్‌పీలోనో చిన్న ప్రోగ్రామ్ రాసి, ఏజీఐ ద్వారా, అంటే బయటి ప్రోగ్రామ్‌లను కలుపుకోవడానికి ఆస్టరిస్క్‌లో ఉన్న దారి ద్వారా, తగిలించడం వైపే మొగ్గుతాను. సంఖ్యనూ వస్తువునూ కలిపి ఇస్తే ఫైళ్ల వరస తిరిగి రావాలి. రెండు పేజీల ప్రోగ్రామ్ అది.

మూడోది సిద్ధాన్నం: లోపలున్న సూత్రం, బయట దొరికే ఆడియో ప్యాకెట్. స్పానిష్‌కు ఆస్టరిస్క్‌తో పాటే ఆడియో దొరుకుతుంది, ఆస్టరిస్క్ లాంటిదే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీస్విచ్‌లోనూ స్పానిష్ సూత్రం ఉంది. పెసోలు, డాలర్లు, యూరోలు మాత్రమే చెప్పాల్సి వస్తే, అవన్నీ పుంలింగాలు కాబట్టి, ఇది తొందరగా తెమిలే దారి. సేనంబర్‌కు లింగం చెప్పే వెసులుబాటు ఉంది గానీ అది ఉందన్న ధీమాతో స్త్రీలింగ వస్తువుల పని ఒప్పుకోకండి. 21, 200, 521 ముందు వినిపించుకుని చూడండి. తెలుగుకు ఇలాంటి సిద్ధాన్నం లేదు.

నాలుగోది కంప్యూటర్ గొంతు, రాసింది చదివే యంత్రం. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండింటికీ తెలుగు గొంతులున్నాయి. మైక్రోసాఫ్ట్ వాటికి మోహన్, శ్రుతి అని పేర్లు కూడా పెట్టింది. స్పానిష్‌లో స్పెయిన్, మెక్సికో, అమెరికా అంటూ దేశాన్ని బట్టి ఎంచుకోవచ్చు. సొంత కంప్యూటర్‌లోనే నడవాలంటే ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు భాషలూ చదువుతుంది, గొంతు మాత్రం యంత్రం గొంతే. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం విడుదల చేసిన ఉచిత నమూనాల్లో తెలుగు ఉంది, నడపడానికి తగిన యంత్రం కావాలి.

ఈ దారి ఎంచుకునేవాళ్లందరిదీ ఒకే ఆశ: అంకెలు ఇచ్చేస్తే యంత్రమే చూసుకుంటుందని. చూసుకోదు. 7.521 అని చుక్కతో రాస్తే స్పెయిన్ అలవాటులో అది ఏడు వేల ఐదు వందల ఇరవై ఒకటి, మెక్సికో అలవాటులో ఏడు పాయింట్ ఐదు రెండు ఒకటి. 1,25,000లో మన కామాలు ఉండే చోటు పాశ్చాత్య లెక్కకు వింత. "రూ." అన్న పొట్టి రాత మరో గండం. యంత్రానికి ఇది మొత్తమని, ఇది తేదీ అని, ఇది విడి అంకెలని సైగ చేసే గుర్తులున్నాయి, ఏ గొంతు ఏ గుర్తును ఎంత పాటిస్తుందో ఒక్కోటీ విని తేల్చుకోవాలి. నా సలహా ఒక్కటే: అంకెలు పంపకండి, మాటలు రాసి పంపండి. "లక్షా ఇరవై ఐదు వేల రూపాయలు" అని పూర్తిగా రాస్తే పొరబడటానికి చోటుండదు. అలా రాయాలంటే రెండో పద్ధతికి రాసిన ఆ రెండు పేజీల ప్రోగ్రామే కావాలి. ఫైళ్ల పేర్లు ఇచ్చే బదులు అక్షరాలు ఇస్తుంది, అంతే తేడా. ఏ దారిలో వెళ్లినా ఆ సూత్రం రాయక తప్పదు కాబట్టి ముందు దాన్ని రాయించండి, గొంతు సంగతి తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

కంప్యూటర్ గొంతుకు బిల్లు అక్షరాల లెక్కన వస్తుంది, ప్రతి కాల్‌కూ నెట్ మీద ఆధారపడాలి. రెండింటికీ విరుగుడు ఉంది. పత్తి ధర ఆ పూటకు తేలగానే ఒక్కసారి ఆడియో తయారుచేసి దాచుకుంటే, ఆ రోజు ఎన్ని కాల్స్ వచ్చినా అదే ఫైలు. కస్టమరు పేరు, బాకీ కలిపి బయటి సర్వర్‌కు పంపడం మాత్రం నాకు నచ్చదు. పేరు పలికించకుండా ఖాతా చివరి నాలుగు అంకెలు చెబితే సరిపోయే చోట పేరెందుకు?

చివరిది, పని మొత్తం అప్పజెప్పడం. నెలకింత అని తీసుకుని ఫోను మెనూలు నడిపే కంపెనీలున్నాయి. నచ్చితే తీసుకోండి, ముందు వాళ్ల డెమోలో మూడు సంఖ్యలు చెప్పించండి: 101 రూపాయలు, 5,000 రూపాయలు, 1,25,000 రూపాయలు. మూడూ సరిగా వస్తే మిగతా మాటలు మాట్లాడుకోవచ్చు.

ఎవరికి ఏది

టోకెన్లు, క్యూ నంబర్లు, బస్సు వేళలు లాంటి హద్దున్న వాటికి మొత్తం వాక్యాలు. మార్కెట్ ధరలకు మనిషి గొంతుతో అతికింపు. పత్తికీ, నిజామాబాద్ పసుపుకూ, మిర్చికీ పంట పేర్లు కొన్నే, ధరలే మారుతుంటాయి, నెట్ పోయినా ఫోను పలుకుతుంది. మిరపలో 341 లాంటి రకాల పేర్లను సూత్రానికి ఇవ్వకండి. అది పేరు, సంఖ్య కాదు. మార్కెట్లో దాన్ని ఎలా పిలుస్తారో అలాగే ఒక ఫైలుగా పెట్టాలి. మార్కెట్లో 7,500ను "డెబ్బై ఐదు వందలు" అనేవాళ్లూ చాలామంది. ఫోనుకు ఆ పలుకుబడి నేర్పాలన్న ఉత్సాహం వస్తుంది, వద్దు. మనిషి నోట అది చనువు, యంత్రం నోట అయోమయం. నిర్ణీత జాబితాకు ఒదగని ఊళ్లూ పేర్లూ చదవాల్సిన చోటే కంప్యూటర్ గొంతు. మనిషి గొంతునూ కంప్యూటర్ గొంతునూ ఒకే వాక్యంలో కలపకండి. ఒక వాక్యం ఒకరిది, తర్వాతి వాక్యం మరొకరిది అయితే చెవి ఒప్పుకుంటుంది.

ఫోను నంబర్లు, ఓటీపీలు, ఖాతా అంకెల దగ్గర నాది వేరే అభిప్రాయం. తెలుగు మెనూలోనైనా వీటిని ఇంగ్లీషు అంకెల్లోనే, ఒక్కోటిగా చెప్పించండి. వరంగల్‌లో ఫోను నంబరు అడిగితే ఎక్కువమంది నైన్, ఎయిట్ అనే చెబుతారు. భాషాభిమానంతో తొమ్మిది, ఎనిమిది అని చెప్పిస్తే వినేవాడు మనసులో అనువాదం చేసుకునేలోపు మూడంకెలు దాటిపోతాయి. మూడు మూడుగా విడగొట్టి, మధ్యలో ఊపిరి విడిచి, రెండుసార్లు చెప్పించండి. స్పెయిన్‌లో నంబర్లను రెండేసి, మూడేసి అంకెల గుంపులుగా చెప్పుకునే అలవాటు ఉంది గానీ యంత్రం చేత ఒక్కో అంకే చెప్పించడం క్షేమం.

స్పానిష్ క్లయింటు వస్తే ఏ దేశమో, సంఖ్యల తర్వాత వచ్చే నామవాచకాలు ఏవో రాసి ఇమ్మనండి. అన్నీ పుంలింగమైతే సిద్ధాన్నం. స్త్రీలింగాలు కలిస్తే సొంత సూత్రం రాసి, మాటలను ఆ దేశపు కంప్యూటర్ గొంతు చేత చదివించండి, డబ్బు పెట్టగలిగితే ఆ దేశపు మనిషి చేత చదివించండి. ఇక్కడ కోర్సులో స్పానిష్ నేర్చుకున్నవాళ్ల చేత మాత్రం వద్దు, వాళ్ల వ్యాకరణం ఎంత బాగున్నా. చిలక పలుకుల తెలుగు మనకెలా వినిపిస్తుందో వాళ్లకూ అలాగే వినిపిస్తుంది.

ఒప్పుకునే ముందు పరీక్ష

ఇష్టమొచ్చిన సంఖ్యలతో పరీక్షించవద్దు, రూపం మారే చోట్లనే కొట్టి చూడాలి. తెలుగుకు 1, 21, 100, 101, 110, 200, 201, 1,000, 1,116, 5,000, 8,110, 1,00,000, 1,25,000, 10,00,000. ఒక్కోదాన్నీ ఊరికే ఒకసారి, రూపాయలు చేర్చి ఒకసారి. ఈ వరసలోని 8,110 అనేది 2025–26 పొడవు పింజ పత్తి మద్దతు ధర. వేల, నూట రెండూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. స్పానిష్‌కు 1, 16, 21, 31, 100, 101, 500, 521, 700, 900, 1,000, ఆపై ఇరవై ఒక్క వేలు, వంద వేలు, ఒక మిలియన్. ప్రతిదీ ఒకసారి పెసోలతో, ఒకసారి లీబ్రాస్‌తో. ఇరవై ఒక్క వేలు పెసోల ముందు బేయింతియూన్ మిల్ అని రాకుండా బేయింతియూనో మిల్ అని వస్తే సూత్రం వేల దగ్గర తర్వాతి మాటను చూడటం లేదని అర్థం.

ఇదంతా ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే సరిపోదు. మామూలు మొబైల్‌తో రోడ్డు మీదకు వెళ్లి, లారీల రొద ఉన్న చోట నిలబడి వినండి. సంబంధం లేని ఒకరి చేతికి ఫోను, కాగితం, పెన్ను ఇచ్చి విన్న సంఖ్యలు అంకెల్లో రాయమనండి. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. తెలుగులో ఎక్కువగా తారుమారయ్యేవి ఇరవై, అరవైలే, రెండింటికీ తేడా మొదటి అచ్చులోనే ఉంది. కాగితం మీద 20 ఉండాల్సిన చోట 60 కనిపిస్తే సూత్రం జోలికి పోకండి. ఆ రెండు మాటలనే, మొదటి అచ్చు కాస్త ఒత్తి పలికిస్తూ, మళ్లీ రికార్డు చేయించండి.